ఆ బిళ్ళ మానకండి

హొళగుంద నుంచి ఒక సోదరి రాశారు: "నాకు మూడో నెల. రెండేళ్ళుగా థైరాయిడ్ బిళ్ళ వేసుకుంటున్నాను. కడుపుతో ఉన్నప్పుడు బిళ్ళలు మింగితే బిడ్డకు చేటని మా అత్తమ్మ మానిపించి పది రోజులైంది. మా ఆడపడుచుది మేనరికం. ఆమె బిడ్డకు చెవులు వినపడవు. నాకు భయంగా ఉంది."

ఆ సోదరికి వెంటనే విడిగా జవాబు రాశాను. ఇదే పొరపాటు చాలా ఇళ్ళలో జరుగుతోంది కనుక ఇక్కడా రాస్తున్నాను.

అమ్మా, ఈ రోజే బిళ్ళ మళ్ళీ మొదలుపెట్టి డాక్టరును కలవండి. మీ అత్తగారి మాట చాలా మందుల విషయంలో నిజమే. ఇది మాత్రం మీ మెడలోని గ్రంథి తయారుచేయలేకపోతున్న రసమే. బిడ్డ సొంత గ్రంథి సుమారు 12 వారాలకు గాని పని మొదలుపెట్టదు. ఆ తరువాతా చాలాకాలం చాలినంత ఇవ్వలేదు. అందాకా తల్లి రక్తమే ఆధారం. నత్తగుల్లలా చుట్టుకున్న లోపలి చెవి, అందులో శబ్దాన్ని పట్టే కణాలు, మెదడుకు పోయే నరం ఆ నెలల్లోనే రూపు కడతాయి. వాటికి ఈ రసం కావాలి. పది రోజులు పోయాయని కుమిలిపోకండి. మింగిన మందులో సగం వారం తరువాత కూడా ఒంట్లో ఉంటుంది.

తల్లికి అయొడిన్ బాగా కరువైన హిమాలయ పాదాల ఊళ్ళలో గళగండంతోపాటు పుట్టు చెవిటి, మూగ పిల్లలు కనిపించేవారు. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి, ఆయన సహచరులు 1956లో కాంగ్రా లోయలో అయొడిన్ ఉప్పు ఇచ్చి చూశారు. గళగండం తగ్గింది. 1962లో దేశవ్యాప్త పథకం వచ్చింది. మీరు కొనే రాళ్లుప్పు మూటమీద అయొడిన్ మాట ఉందో లేదో చూడండి. అయితే ఉప్పు మీ బిళ్ళకు బదులు కాదు.

మీ ఆడపడుచు బిడ్డ చెవుడు థైరాయిడ్ వల్లేనని అనను. మేనరికపు ఇళ్ళలో వంశపారంపర్య చెవుడు ఎక్కువ. పెండ్రెడ్ అనే జబ్బులో చెవుడూ గళగండమూ రెండూ రావచ్చు. ఆ బిడ్డను చూపించవలసిందే. మీదీ మేనరికమైతే డాక్టరుకు చెప్పండి.

గర్భంతో బిళ్ళ మోతాదు సాధారణంగా పెరుగుతుంది. అయిదో నెల దాకా నాలుగు వారాలకొకసారి టి.ఎస్.హెచ్. పరీక్ష చేయించుకోండి. బిళ్ళ పరగడుపున వేసుకోండి. ఐరన్, కాల్షియం బిళ్ళలు నాలుగు గంటలు ఆగాకే. కలిపి మింగితే ఇది ఒంటికి పట్టదు.

కొందరు పిల్లలకు పుట్టుకతోనే ఈ గ్రంథి ఉండదు. తల్లి రసం కొంత కాపాడుతుంది కనుక పుట్టినప్పుడు మామూలుగానే కనిపిస్తారు. అందుకే 3 నుంచి 5 రోజుల మధ్య మడమ నుంచి రక్తపు చుక్క తీసి పరీక్షించాలి. లోపముంటే 2 వారాల్లోగా బిళ్ళ మొదలుపెట్టాలి. కడుపులో పోయిన వినికిడిని మాత్రం ఆ బిళ్ళ తిరిగి తేలేదు. నెలలోపు వినికిడి పరీక్ష వేరుగా చేయించండి. వెనకనుంచి కంచం మోగించి చూడడం పరీక్ష కాదు. ఒక చెవి వినకపోయినా బిడ్డ ఉలిక్కిపడుతుంది. 3 నెలల్లోగా లోపం తేలితే 6 నెలలలోపే యంత్రం పెట్టించి మాటలు నేర్పవచ్చు. ఆదోనిలో వీలు కాకపోతే కర్నూలు పెద్దాసుపత్రి చెవి విభాగంలో అడగండి.