మోసికొనిపోలేని మట్టి

కడచిన సంవత్సరము మన సంఘసభలో, అస్సామునందు బ్రహ్మపుత్రా నదీమధ్యమున నున్న మాజులీ ద్వీపమును గూర్చి యొక ప్రసంగము జరిగినది. ప్రసంగాంతమున ఒక మిత్రులు లేచి, “నది కోసికొనిపోవు నేలను పట్టుకొని వ్రేలాడనేల? ఆ జనులను ఆవలి యొడ్డునకు తరలించిన చాలును. మన పెద్దలు తెనుగునేల విడిచి వచ్చిరి గదా, మన సంస్కృతి నశించినదా?” అనిరి. సభ్యులు చప్పట్లు చరచిరి. మేము చరవలేదు. ఏల చరవలేదో ఇచట మనవి చేసికొందుము.

మిత్రుల మాటలో నిజము లేకపోలేదు. మాజులీ శంకరదేవుల వైష్ణవమునకు పట్టుకొమ్మ. అచటి సత్రములు, అనగా మన మఠములవంటివి, కొన్ని నదికోతకు తాళలేక ఆవలి యొడ్డునకు తరలినవి; తరలియు బ్రతికినవి. కీర్తన కంఠమున నుండును, నాట్యము పాదమున నుండును. సత్రియ నృత్యమును 2000లో సంగీత నాటక అకాడమీ శాస్త్రీయ నృత్యములలో చేర్చగా, నేడది మన కూచిపూడి సరసన నిలిచినది. వెదురు, గుడ్డ, మట్టి, పేడలతో అచట చేయు నాటకపు మొగములకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. సంతోషమే.

కాని అదే ద్వీపపు టొడ్డున సాల్‌మొరా యను కుమ్మరిపల్లె గలదు. అచట సారె లేదు. పురుషులు నదీతీరమున లోతుగా గోతులు త్రవ్వి జిగటమట్టి తీయుదురు. స్త్రీలు దానిని చేతితో మలచి, కొయ్యబద్దతో తట్టి కుండలు చేయుదురు. ఆవమునకు కట్టెలు వరదలో కొట్టుకొని వచ్చినవే. కాలిన కుండలను పడవల కెత్తి, ఏటివెంట ఊరూరికి కొనిపోయి ధాన్యమునకు మార్చుకొనుట వారి పూర్వాచారము. మట్టి నదిది, కట్టె నదిది, బాట నదిది. ఇందులో దేనిని మూటగట్టి ఆవలి యొడ్డున దింపుదురో మిత్రులే సెలవియ్యవలెను! (ఈ పనితనము సింధునాగరికత నాటిదని కొందరు మురిసిపోవుదురు. సింధువాసులు సారె నెరిగినవారే. సాల్‌మొరా స్త్రీల చేతికి అంతదూరపు చుట్టరికము వెదుక నక్కరలేదు.)

ఇట్టి వారిని తీరమున మట్టి త్రవ్వరాదని అధికారులు ఆంక్షించిరి. గోతులవలన ఒడ్డు బలహీనమగునని వారి వాదము. అది కొట్టివేయదగినది కాదు. అయినను 1950 ఆగస్టు 15 నాటి మహాభూకంపము పిమ్మట నదీగర్భము మేటవేసి కోత హెచ్చెను. గత శతాబ్దారంభమున నున్న నేలలో నేడు సగము కూడ లేదు. కుండ చేయుట యెరుగని పల్లెలను సైతము నది మ్రింగినది. ఆ పాపమంతయు కుమ్మరి గునపమున కంటగట్టుట న్యాయమా? కుమ్మరి కొక యేడు, గుదియ కొక పెట్టు. చిరకాలము దస్త్రముల నడుమ గడపిన మాకొకటి తెలియును: “కూడదు” అని వ్రాయుటకు ఒక పంక్తి చాలును, “ఇచట, ఇంతలోతున త్రవ్వుకొనవచ్చును” అని వ్రాయుటకు ఆ తీరమునకు పోయి చూడవలెను.

2016లో మాజులీ జిల్లాయైనది. ప్రపంచమున పెద్ద నదీద్వీపమని గిన్నిస్ గ్రంథమున కెక్కినదియు ఆ యేడే. 2004 నుండి యునెస్కో వారి తాత్కాలిక జాబితాలో నున్నది. ఇన్ని జాబితాలలో కుమ్మరికి బుట్టెడు మట్టి దొరకలేదు.

మన పెద్దలు మోసికొని వచ్చినది భాష. అది నాలుకపై వచ్చినది. వచ్చినచోట మనకు నేల దొరకినది గనుక ఇంట దీపము వెలిగినది. ఆ అదృష్టమును తెచ్చి, నేల పోవుచున్న వారికి నీతిగా బోధించుట మనకు తగదు. ఒడ్డును కాపాడు ఇంజనీర్లు ఆ కుమ్మరులతో కూర్చుండి, త్రవ్వదగిన చోటు గుర్తించి యియ్యవలెనని సభవారు కోరియుండిన మేమును సంతకము చేసియుందుము.

తరలింపు మాట సభాకార్యక్రమ పుస్తకమున వ్రాయబడినది. దాని క్రింద మా అసమ్మతియు వ్రాయుడని కార్యదర్శిగారికి లిఖితపూర్వకముగా విన్నవించియున్నాము.