పొరుగువాని పెరటి కలుపు

ఇల్లు కొనదలచినవాడు గోడలను పరీక్షించును. దూలములను తట్టి చూచును. నూతినీటిని రుచి చూచును. పెరటిలోని మొక్కను జూచి బేరము మానుకొన్నవాడు మన దేశమున అరుదు. ఇంగ్లండు దేశమున మాత్రము ఒక మొక్క పేరు విన్నంతనే కొనువాడు వెనుదిరుగుటయు, అప్పిచ్చు సంస్థలు చేయి ముడుచుకొనుటయు, ఇరుగుపొరుగులు న్యాయస్థానమున కెక్కుటయు సంభవించుచున్నవి. పెక్కుమంది తెలుగువారు ఆ దేశమున ఇండ్లు కొని స్థిరపడియున్నందున ఈ విషయము మన పాఠకులకు పరాయిది కాజాలదు.

ఆ మొక్కకు జపాను నాట్‌వీడని పేరు. కణుపుల కలుపని దాని యర్థము. సీబోల్డను జర్మను వైద్యుడు 19వ శతాబ్దమున దీనిని జపానునుండి యూరపునకు దెచ్చెను. 1847లో యూట్రెక్టు నగరపు వ్యవసాయోద్యాన సంఘము దీనికి స్వర్ణపతక మొసగెను. 1850లో ఇది లండను చెంతనున్న క్యూ ఉద్యానమునకు జేరెను. అందముకొరకు ఆదరింపబడిన యీ యతిథి పిదప ఇంటివానినే వెడలగొట్టజూచెను. దీనికి విత్తనముతో పనిలేదు. గోరంత వేరుముక్క మట్టిలో మిగిలిన జాలును, మరల మొలచి వేసవిలో మనిషి నిలువెత్తును మించి పెరుగును. శీతకాలమున కాడలెండి రాలినను వేరు నేలలో బ్రతికియే యుండును. తగవులకు మూలమిదియే. డిసెంబరు మాసమున ఇల్లు చూడవచ్చినవానికి, ఎండుకాడలు ఏరివేసిన పెరడు నిర్దోషముగ గన్పట్టును!

బ్రిటనునందు 1981వ సంవత్సరపు చట్టము ఈ మొక్కను ఆరుబయట నాటుటను, వ్యాపింపజేయుటను నేరముగ నిర్ణయించినది. తన తోటలో అది యున్నంతమాత్రమున ఎవడును నేరస్థుడు కాడు. కాని వేరు హద్దు దాటినచో పొరుగువానికి దావా హక్కు కలుగును. వేల్సు ప్రాంతమున రైలుమార్గపు భూమినుండి ఇండ్లవైపునకు వేరులు ప్రాకిన వ్యాజ్యమున, ఇంటి ధర తగ్గినదన్న కారణ మొక్కటియే చాలదనియు, వేరు చొచ్చివచ్చి స్వంత భూమి ననుభవించుటకు భారమగుట హక్కుభంగమే యనియు 2018లో అప్పీలు కోర్టు తీర్పు చెప్పెను. 2024లో సుప్రీముకోర్టు మరియొక మెట్టు స్పష్టపరచెను. స్థానిక కౌన్సిలు భూమినుండి వచ్చిన వేరు వాది 2004లో ఇల్లు కొనకమునుపే చేరియున్నది. కౌన్సిలు కర్తవ్యలోపమో 2013నుండి మాత్రమే. కనుక తగ్గిన ధరకై అడిగిన 4,900 పౌనులు రావని నిర్ణయించెను. న్యాయశాస్త్రరీత్యా ఇది సమంజసమే. కాని ఇందలి హెచ్చరికను కొనువారు మరువరాదు: తన పెరటినే గాక ప్రక్క పెరటిని సైతము కొనకముందే చూడవలెను.

ఇక విక్రేత మాట. 2013నుండి ఇంగ్లండునందు ఇంటి యమ్మకపు పత్రమున ఈ మొక్క యున్నదా యని సూటిగ నడుగుచున్నారు. ఉన్నది, లేదు, తెలియదు — ఈ మూడింటిలో నొకటి చెప్పవలెను. లండనునందు ఒక విక్రేత ‘లేదు’ అని వ్రాసెను. కొన్నవాడు తోట కొట్టు వెనుక మొక్కను గనుగొనెను. 2023లో విక్రేతపై 32,000 పౌనుల పరిహారము పడెను. వ్యాజ్యపు ఖర్చులు అంతకు మిక్కిలి హెచ్చినవి. ‘తెలియదు’ అను మాట ఆ పత్రముననే యుండెను. ఎరుగనిదానిని ఎరుగనని చెప్పుటకు ఖర్చేమియు లేదు గదా!

అయితే భయమునకును హద్దుండవలెను. 2012నుండి అక్కడి మదింపుదారుల సంఘము 7 మీటర్ల సూత్రమును పాటించెను. ఇంటికి అంతలోపల మొక్క యున్నచో మహాప్రమాదముగ నెంచిరి. 2018లో వెలువడిన పరిశోధన, ఇది యితర వృక్షములకంటె కట్టడములకు హెచ్చు హాని చేయదని చూపెను. 2019లో పార్లమెంటు సంఘ మొకటి ఈ భీతిని విమర్శించెను. 2022లో ఆ సూత్రము తొలగిపోయెను. మందు వేసి కొన్ని వత్సరములు ఓర్పుతో కనిపెట్టినచో మొక్క అదుపులోనికి వచ్చును. మొక్కవలన గలిగిన నష్టముకంటె, దానిని దాచుటవలనను, దాని పేర బెదరుటవలనను గలిగిన నష్టమే పెద్దదని మాకు తోచుచున్నది.

కొనువాడే జాగ్రత్తపడవలెనన్నది ఇంగ్లండు దేశపు పూర్వసూత్రము. మన దేశమున 1882వ సంవత్సరపు ఆస్తిబదిలీ చట్టపు 55వ సెక్షను వేరొక ధర్మమును జెప్పుచున్నది: తా నెరిగియుండి, కొనువాడు సామాన్య జాగ్రత్తతో కనుగొనజాలని ముఖ్యలోపమును విక్రేత తెలుపవలెను, తెలుపకుండుట మోసమే యగును. ఈ నియమము నేటికిని అమలులో నున్నది. దీనిని మన భూస్వాములెందరు చదివిరి? చౌటిచారను పచ్చగడ్డితో గప్పి చేను చూపువారు, హద్దు తగవును దాచి ఇల్లమ్మువారు మనలో లేరా? పూవు సొగసుకై పరదేశములనుండి దెచ్చిన గుర్రపుడెక్క నేడు మన కాలువలను, చెరువులను కప్పుచున్నది. ఒకడు ముచ్చటపడి దెచ్చినదానిని ఊరెల్ల కలిసి తోడవలసివచ్చుచున్నది.

కాబట్టి మేము చెప్పునది స్వల్పము. హద్దువద్ద పరాయి మొక్క కనబడిననాడే పొరుగువానిని బిలిచి చూపుడు; ఇద్దరును కలిసి ఖర్చు భరించి తీయించుడు. అమ్మునాడు ఉన్నది ఉన్నట్లు చెప్పి, చేయించిన చికిత్స కాగితములను చేతికిండు. ధర కొంత తగ్గవచ్చును. కాని పొందిన సొమ్ము నిలుచును, పొరుగువాని మైత్రియు నిలుచును. దాచి పొందిన ధరను న్యాయస్థానము మరల రాబట్టగలదు.