పిచ్చుక మీద కాఫ్కాస్త్రం

మన ఫైనల్ ఇయర్ ఐఓటీ ప్రాజెక్టుల స్లైడ్లలో ఒక వింత చూస్తున్నాను. "స్కేలబుల్" అని రాయగానే పక్కన "కాఫ్కా" దానంతటదే వచ్చి కూర్చుంటోంది. ఎందుకురా అంటే, "పెద్ద కంపెనీలన్నీ అదే వాడతాయి కదా" అంటారు. చూసి రాయడానికీ, ఆలోచించి ఎంచుకోవడానికీ తేడా ఉండొద్దా?

ముందు చిన్న లెక్క వేద్దాం. క్యాంపస్‌లో 200 సెన్సర్లు ఉన్నాయనుకోండి. ఒక్కోటి 10 సెకన్లకోసారి 100 బైట్ల మెసేజ్ పంపుతుంది. అంటే సెకనుకి 20 మెసేజ్‌లు. రోజంతా కలిపినా దాదాపు 173 మెగాబైట్లే! దీనికి రాస్ప్‌బెర్రీ పై మీద నడిచే మస్కిటో బ్రోకర్ చాలు. అది మాట్లాడే ఎంక్యూటీటీ, 1999లో చమురు పైప్‌లైన్ల సమాచారాన్ని ఖరీదైన శాటిలైట్ లింకు మీద పంపడానికి పుట్టిన ప్రోటోకాల్. పొదుపు దాని రక్తంలోనే ఉంది.

కాఫ్కా తక్కువదని నేననను. లింక్డ్‌ఇన్‌లో పుట్టి 2011లో ఓపెన్ సోర్స్ అయిన కాఫ్కా చిట్టా పుస్తకం లాంటిది. ఒకరు చదివినంత మాత్రాన పేజీ చెరిగిపోదు. మనం మార్చకపోతే 7 రోజులు డేటా దాచుతుంది. డ్యాష్‌బోర్డు, అలర్టు, ఎంఎల్ మోడల్ ఎవరి వేగంతో అవి చదువుకోవచ్చు, వెనక్కి వెళ్లి మళ్లీ చదవొచ్చు. ఆ అవసరం ఉన్నప్పుడో, డేటా ఒక మెషీన్‌లో పట్టనప్పుడో కాఫ్కా కావాలి. అప్పుడు కూడా సెన్సర్ల వైపు ఎంక్యూటీటీ ఉంచి, దాని వెనక కాఫ్కా పెట్టడమే మామూలు పద్ధతి.

నన్ను అసలు కలవరపెట్టేది వేరే ఉంది. డేటా బ్రోకర్ దాకా చేరుతోందా? ఆర్డ్యూయినోలో మనలో చాలామంది వాడే పబ్‌సబ్‌క్లయింట్ లైబ్రరీ క్యూఓఎస్ 0తోనే పబ్లిష్ చేస్తుంది. అంటే పంపి వదిలేస్తుంది, చేరిందో లేదో కబురు రాదు. వైఫై పోయిన ఆ రెండు నిమిషాల రీడింగులు గాల్లో కలిసినట్టే. వెనక ఎంత పెద్ద కాఫ్కా క్లస్టర్ ఉన్నా, తన దాకా రానిదాన్ని అదెలా దాచుతుంది? క్యూఓఎస్ 1 ఇచ్చే లైబ్రరీ తీసుకుని, రసీదు వచ్చేదాకా రీడింగును ఫ్లాష్‌లో ఉంచండి. క్యూఓఎస్ 1లో ఒకే మెసేజ్ రెండుసార్లు రావచ్చు కాబట్టి ప్రతిదానికీ ఒక నంబరు వేయండి.

ట్యాంకు నీటిమట్టం ఒకసారి రాకపోతే 10 సెకన్లలో ఇంకోటి వస్తుంది. ల్యాబ్‌లో గ్యాస్ లీకు అలర్టు రాకపోతే?

బ్రోకర్ పేరు రాసేముందు మూడు ప్రశ్నలు వేసుకుందాం. సెకనుకి ఎన్ని మెసేజ్‌లు? పాతవి మళ్లీ చదవాలా? ఏది పోతే కొంప మునుగుతుంది? కాదంటారా, అయితే మీ ప్రాజెక్టు లెక్క రాసి పంపండి. వచ్చే సంచికలో వాదించుకుందాం.