మైనర్ సరే, మినిట్స్ చూశారా?

మెకానికల్ సీటు వచ్చిందని దిగులుపడుతున్న కుర్రాడికి ‘ఏఐలో మైనర్ కూడా ఉంది బాబూ’ అంటే కొండంత ఊరట. విజయవాడ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల బ్రోషర్లలో ఇప్పుడు ఈ మాట బాగానే కనిపిస్తోంది. కానీ ఆ మైనర్‌కు ఆమోదం ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు అని మీలో ఎంతమంది అడిగారు?

ముందు లెక్క చూడండి. బీటెక్‌కు 160 క్రెడిట్లు, అంటే సెమిస్టర్‌కు సగటున 20. ఏఐసీటీఈ ప్రకారం మైనర్‌కు అదనంగా 18 నుంచి 20 క్రెడిట్లు చేయాలి. దాదాపు ఇంకో సెమిస్టర్ చదువు మీ నెత్తిన పడినట్టే. ప్లేస్‌మెంట్లకు ప్రిపేరయ్యే టైమ్‌లోంచే అదీ పోయేది. (డిగ్రీ వాళ్ల సంగతి వేరు. 2023-24 నుంచి వాళ్లకు మైనర్ కోర్సులోనే భాగం.)

అటానమస్ కాలేజీలో కొత్త మైనర్ పెట్టాలంటే డిపార్ట్‌మెంట్ సిలబస్ తయారుచేసి బోర్డ్ ఆఫ్ స్టడీస్ ముందు పెట్టాలి. యూజీసీ నిబంధనల ప్రకారం ఆ బోర్డులో సొంత లెక్చరర్లే కాదు, బయటి నిపుణులు, యూనివర్సిటీ నామినీ, పరిశ్రమ తరఫున ఒకరు, పూర్వ విద్యార్థి ఒకరు ఉంటారు. అక్కడ దాటితే ప్రిన్సిపాల్ అధ్యక్షతన అకడమిక్ కౌన్సిల్. కౌన్సిల్ మార్పులు చేసి ఒప్పుకోవచ్చు, మళ్లీ చూడమని తిప్పి పంపొచ్చు, కారణం చెప్పి కొట్టేయనూ వచ్చు. అటానమస్ కాని కాలేజీకి ఈ స్వేచ్ఛ లేదు. మన దగ్గరైతే జేఎన్‌టీయూ కాకినాడ రెగ్యులేషన్లే దిక్కు.

కాగితం మీద ఇది మంచి జల్లెడే. ఎవరు చెబుతారు, ల్యాబ్ ఉందా, మేజర్‌లో చదివిందే మళ్లీ వస్తోందా అని బోర్డులోనే గట్టిగా అడగాలి. నా అనుమానమల్లా పరిశ్రమ కుర్చీ మీదే. అందులో ఎప్పుడూ సాఫ్ట్‌వేర్ వాళ్లనే కూర్చోబెడితే వచ్చేవీ అవే మైనర్లు. కైకలూరు చుట్టూ అన్ని రొయ్యల చెరువులు, ఏరేటర్లు, నీళ్లలో ఆక్సిజన్ కొలిచే పరికరాలు ఉన్నాయి కదా! ఒక్క ఆక్వా రైతును పిలిస్తే ఈసీఈ వాళ్లకు సెన్సర్ల మీద ఎంత పని దొరుకుతుందో.

ఇక క్వాంటమ్ వంతు. ఏఐసీటీఈ 2024 చివర్లో క్వాంటమ్ టెక్నాలజీస్ మైనర్‌కు నమూనా సిలబస్ ఇచ్చింది. అమరావతి క్వాంటమ్ వ్యాలీ పేరు చెప్పి కాలేజీలు ఎగబడతాయి. నమూనా సిలబస్ ఉన్నంత మాత్రాన మీ కాలేజీ దాన్ని ఆమోదించినట్టు కాదు.

చాలా అటానమస్ కాలేజీలు బోర్డు, కౌన్సిల్ మినిట్స్‌ను న్యాక్ కోసమైనా వెబ్‌సైట్‌లో పెడతాయి. అవి తెరవండి. మీ బ్యాచ్ రెగ్యులేషన్ పేరు, మైనర్ కోర్సు కోడ్లు, కౌన్సిల్ తీర్మానం తేదీ అందులో ఉన్నాయా? లేకపోతే మీకు చివర్లో దక్కేది డిగ్రీ పట్టా మీద మైనర్ కాకుండా విడిగా ఒక సర్టిఫికెట్ కావచ్చు. ఆఫీసుకెళ్లి అడగడానికి మొహమాటం వద్దు. రిజిస్ట్రేషన్ ఫారం మీద సంతకం పెట్టకముందే అడగండి.