దేవాలయ శిఖరం నుండి దూకనివాడు

పదకొండేళ్ళ క్రితం మా సంఘంలోని యౌవనస్థుల కూడికలో నేనొక అబద్ధం చెప్పాను. అబద్ధమని తెలిసి చెప్పింది కాదు. నిజమో కాదో చూసుకోకుండా చెప్పింది. ఈ రెంటికీ గల దూరం నేననుకున్నంత ఎక్కువ కాదని తరువాత తెలిసివచ్చింది. ఇస్కరియోతు యూదానూ, ముదిమిలో పోయిన యోహానునూ విడిచిపెడితే, యేసు శిష్యులందరూ పునరుత్థానాన్ని కాదనడానికి ఒప్పుకోక ప్రాణాలిచ్చారని చెప్పాను. ఎవరెవరిని ఏ దేశంలో ఏ విధంగా చంపారో నల్లబల్ల మీద పట్టిక గీసి మరీ చూపించాను. ఒక కల్ల కోసం ఇందరు చస్తారా అని ముగించాను. పెద్దలు మెచ్చుకున్నారు.

రెండు వారాల తరువాత, ఇంజనీరింగు చదువుతున్న ఒక కుర్రవాడు కూడిక అయ్యాక ఆగి, "అన్నా, మీ పట్టికకు ఆధారాలు వెదికాను. ఇద్దరు ముగ్గురికి తప్ప తక్కినవారికి దొరికినవన్నీ వందేళ్ళు, రెండు వందల ఏళ్ళ తరువాత పుట్టిన కథలే. మీరు చూసే వ్రాశారా?" అని అడిగాడు. చూడలేదని చెప్పవలసిన చోట, "అన్నీ పుస్తకాల్లో దొరకవు తమ్ముడూ, విశ్వాసం ఉండాలి" అన్నాను. అతడు తల ఊపి వెళ్ళిపోయాడు. మరికొన్ని వారాలకు రావడమే మానేశాడు.

అతడు చెప్పింది నిజం. జెబెదయి కుమారుడైన యాకోబును హేరోదు కత్తితో చంపించాడని అపొస్తలుల కార్యములలో ఉన్నది. పేతురు మరణం గురించి మొదటి శతాబ్దాంతపు క్లెమెంతు లేఖ సూచిస్తున్నది. ఆ పన్నెండుమందిలో లేని పౌలుకు, యేసు సహోదరుడైన యాకోబుకు కూడా మంచి ఆధారాలే ఉన్నాయి. తక్కినవారి విషయంలో మనకున్నది చాలావరకు సంప్రదాయం. మనం ఎంతో ప్రీతితో చెప్పుకునే తోమా కథకు మూలమైన 'తోమా కార్యములు' సైతం మూడవ శతాబ్దపు గ్రంథం. సంప్రదాయమంతా కల్లే అని నేననను. కాని దానిని సాక్ష్యమని చెప్పి పిల్లలకు అమ్మాను.

కనుక ఈ టపా నాబోటి బోధకుల మీద. హేతువాద మిత్రులు సంతోషించవచ్చును గాని, చివరిదాకా చదవవలసిందని మనవి. వారి వంతు కూడా ఉన్నది.

శోధన అనగానే మా ప్రసంగాలలో కల్లు దుకాణం, సినిమా హాలు, లంచం, పరస్త్రీ వరుసగా వస్తాయి. (ఈ మధ్య ఆ జాబితాలో సెల్‌ఫోను చేరింది.) అవి శోధనలు కావని కాదు. కాని అరణ్యంలో యేసుకు ఎదురైనవని సువార్తలు చెప్పిన మూడింటిలో వీటి జాడ లేదు. రాళ్ళను రొట్టెలు చేయడం, దేవాలయ శిఖరం నుండి దూకడం, శోధకునికి మ్రొక్కి లోకరాజ్యాలు పుచ్చుకోవడం: అడిగినవి ఇవి. రొట్టె ఆకలికి, రాజ్యం అధికారానికి అని చిన్నపిల్లలకైనా అర్థమౌతుంది. శిఖరం దేనికి? దూకితే కడుపు నిండదు, సింహాసనం రాదు. దానివల్ల కలిగే లాభం ఒక్కటే, ఋజువు. క్రింద జనమున్నారని సువార్తలలో లేదు, నిజమే. అయినా యెరూషలేము దేవాలయం నిర్మానుష్యమైన చోటు కాదు కదా! దేవదూతలు చేతులతో ఎత్తి పట్టుకుంటారని కీర్తనల గ్రంథం నుండి ప్రమాణం చూపించినవాడు ఇక్కడ శోధకుడే. లేఖనాన్ని తిప్పి కొట్టకుండా, దేవుని పరీక్షించరాదనే ద్వితీయోపదేశకాండపు ఆజ్ఞను చెప్పి యేసు ఊరుకున్నాడు.

ఆ శోధకుడు మరొక సమయం కోసం ఆయనను విడిచిపోయాడని లూకా వ్రాస్తాడు. ఆ సమయం సిలువ దగ్గర వచ్చింది. దారిన పోయేవారు, యాజకులు అడిగింది అక్షరాలా అరణ్యంలో విన్న మాటే: కుమారుడివే అయితే దిగివచ్చి చూపించు. ఆయన దిగిరాలేదు. మూడవనాడు లేచినవాడు పిలాతు మేడకు వెళ్ళలేదు, కయప ఇంటి తలుపు తట్టలేదు. రెండవ శతాబ్దంలో సెల్సస్ అనే తత్త్వవేత్త సరిగ్గా ఇదే ఎత్తిపొడిచాడు. నిజంగా లేచినవాడైతే తనను హింసించినవారికీ, తీర్పు తీర్చినవానికీ, అందరికీ కనబడవలసింది కదా అన్నాడు. ఆ ప్రశ్న నాకెప్పుడూ అన్యాయమనిపించలేదు. లోకరీతిని ఆలోచిస్తే అట్లాగే చేయాలి. దూకనివాడు లేచిన తరువాత కూడా దూకలేదు, అంతే.

మా బోధకులు మరిచిపోయే సంగతి ఇంకొకటున్నది. పునరుత్థానం జరిగిన క్షణాన్ని నాలుగు సువార్తలలో ఏ ఒక్కటీ వర్ణించలేదు. సమాధిలోనుండి ఆయన బయటికి వస్తుండగా ఏ మానవుడూ చూసినట్లు లేదు. వర్ణించిన గ్రంథం వేరే ఉన్నది. 1886-87లో ఈజిప్టులోని అఖ్మీములో ఒక భాగం దొరికిన 'పేతురు సువార్త' అది. అందులో సైనికులు, పెద్దలు చూస్తుండగా ఇద్దరు పురుషులు ఒకరిని ఆనుకొనించి తీసుకువస్తారు. వారి తలలు ఆకాశాన్ని అంటుతాయి, ఆయన తల ఆకాశాన్ని దాటుతుంది. వెనుక సిలువ నడిచి వస్తుంది, పైగా మాట్లాడుతుంది! మన పౌరాణిక చిత్రాల దర్శకుడెవరైనా చదివితే ముచ్చటపడును. సెల్సస్ కోరిన ఋజువు ఇందులో పుష్కలంగా ఉన్నది. రెండవ శతాబ్దాంతంలో అంతియొకయ బిషపు సెరాపియోను దీనిని చదివి చూసి, వద్దన్నాడు. సంఘం చప్పగా ఉన్న ఆ నాలుగింటినే ఉంచుకొన్నది.

మేము మళ్ళీ సిలువను నడిపిస్తున్నాము. నా చెవులతో విన్నవే చెబుతాను. యెహోషువ కాలంలో తప్పిపోయిన దినాన్ని నాసా కంప్యూటరు పట్టుకున్నదని ఒక వేదిక మీద విన్నాను. నాసావారు దీనిని ఏనాడో కాదన్నారు. పిలాతు కైసరుకు పంపిన నివేదిక దొరికిందని మరొకచోట విన్నాను. అది అమెరికాలో మహాన్ అనే పాదిరి ప్రకటించిన 'ఆర్కో వాల్యూమ్' లోనిది. అందులో కొంత భాగాన్ని ఆయన 'బెన్ హర్' నవల నుండి ఎత్తివ్రాశాడు. 1885లో ఆయన సంఘమే విచారించి తప్పు రుజువు చేసింది. జొసీఫస్ అనే యూదు చరిత్రకారుడు యేసును క్రీస్తని ఒప్పుకున్నాడని వినని ఈస్టరు లేదు. ఆయన యేసును ఏదో విధంగా పేర్కొన్నాడని చాలామంది పండితులు అంగీకరిస్తారు. ఆ ఒప్పుకోలు మాత్రం తరువాత క్రైస్తవ లేఖకుల చేతిలో చేరినదనే వారిలో ఎక్కువమంది అభిప్రాయం. జొసీఫస్ యేసును క్రీస్తుగా నమ్మలేదని మూడవ శతాబ్దంలో ఒరిజెనే వ్రాశాడు. ఇక మన ప్రాంతపు ప్రత్యేకత ఒకటి, వేదాలలో క్రీస్తు ఉన్నాడంటూ చదివే సంస్కృత వాక్యాలు. ఏ వేదంలో, ఏ మండలంలో, ఏ సూక్తంలో అని నేనడిగిన ప్రతిసారీ జవాబు మరొక కరపత్రమే అయింది. ఇంకొకరి గ్రంథం పేరు చెప్పి అందులో లేనిదాన్ని ఉన్నదనడం దొంగసాక్ష్యం. అబద్ధసాక్ష్యం కూడదన్న ఆజ్ఞ సువార్త ప్రకటనకు వర్తించదని ఎక్కడైనా వ్రాసి ఉన్నదా?

మరి ఇవన్నీ తీసివేస్తే ఏమి మిగులుతుంది? నా మట్టుకు నాకు చాలినంత మిగులుతుంది.

పౌలు కొరింథీయులకు మొదటి పత్రిక వ్రాసింది సుమారు 53-55 మధ్య. అందులో తాను స్వయంగా పొంది వారికి అప్పగించిన ఒక సాక్షుల వరుసను చెబుతాడు: కేఫా, పన్నెండుమంది, ఐదువందలకు పైబడిన సహోదరులు, యాకోబు, అపొస్తలులందరు, చివరకు తాను. అంతకుముందే, క్రీస్తును నమ్మిన మూడేళ్ళకు, యెరూషలేము వెళ్ళి కేఫాతో పదిహేను దినాలు గడిపాడని, ప్రభువు సహోదరుడైన యాకోబును చూశాడని గలతీ పత్రికలో ఉన్నది. అంటే ఈ మాట శతాబ్దాల తరువాత ఊరినది కాదు, సంఘటన జరిగిన మొదటి సంవత్సరాలది. (ఐదువందలమందిని ఐదువందల సాక్ష్యాలుగా లెక్కపెట్టే ఉపదేశకులకు ఒక మనవి: మన చేతిలో ఉన్నది ఐదువందలమంది గురించి ఒక్కని సాక్ష్యం.) ఆ ఒక్కడు అంతకుముందు సంఘాన్ని హింసించినవాడు. ఆ యాకోబు, అన్న బ్రతికి ఉండగా నమ్మని సహోదరులలో ఒకడు. ఈ ఇద్దరూ ఎందుకు మారారనే ప్రశ్నను నేను ఎన్నిసార్లు ప్రక్కకు నెట్టినా మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.

పౌలు చెప్పిన వరుసలో స్త్రీల పేర్లు లేవు. నాలుగు సువార్తలలోనూ ఖాళీ సమాధి దగ్గరికి మొదట వెళ్ళినవారు స్త్రీలు. స్త్రీల సాక్ష్యం చెల్లదని చెప్పినవాడు ఆ జొసీఫస్సే. ఆచరణలో అన్ని చోట్లా అంత కఠినంగా లేదని కొందరు పండితులంటారు, కావచ్చు. కాని ఆ స్త్రీల మాటలను వెర్రిమాటలుగా అపొస్తలులే కొట్టిపారేశారని లూకా దాచకుండా వ్రాశాడు. మతిచెడిన ఆడదాని మాట అని సెల్సస్ వెక్కిరించాడు. కథ కల్పించేవాడు మగ్దలేనే మరియను ముందు నిలబెట్టి తన కథను తానే చెడగొట్టుకుంటాడా?

దుఃఖంలో కలిగిన భ్రాంతి అనేవారున్నారు. దీనిని నేను తేలికగా తీసివేయను. మా నాన్నగారు పోయిన తరువాత చాలాకాలం మా అమ్మ తెల్లవారుజామున వసారాలో ఆయన సైకిలు స్టాండు వేసిన చప్పుడు వింటుండేది. ఒకసారి దగ్గు కూడా విన్నది. అటువంటి అనుభవాలు లోకంలో అరుదు కావు. అయితే మా అమ్మ ఏనాడూ, మీ నాన్న సమాధి లోనుండి లేచాడని అనలేదు. "ఇంకా ఇక్కడిక్కడే తిరుగుతున్నార్రా" అనేది. శిష్యులకూ ఆ భాష ఉన్నది. చెరలో ఉన్నాడనుకున్న పేతురు తలుపు తట్టితే, అతని దూత అన్నారు. యేసు కనబడినప్పుడు మొదట భూతమనుకున్నారు. ఆ మాట దగ్గరే ఆగిపోవచ్చు. ఆగక పునరుత్థానమన్నారు. వారి కాలపు యూదులు ఆ మాటను యుగాంతంలో అందరూ కలిసి లేవడాన్ని గురించి వాడేవారు గాని, నడుమ ఒక్కడు లేవడాన్ని గురించి కాదు. 135లో బార్ కోఖ్బా చనిపోయాడు. అతనిని మెస్సీయ అన్నవారున్నారు, లేచాడన్నవారు లేరు. ఓడిపోయినవారికి దొరికే మామూలు ఓదార్పులను కాదని ఎవరి వాడుకలోనూ లేని ఈ మాటను వీరు ఎందుకు పట్టుకున్నారు? ఏదో వారిని పట్టుకున్నదనే నా నమ్మకం.

ఇక హేతువాద మిత్రుల వంతు. నాసా కథ కూలితే సమాధి నిండినట్లే అని మీరనుకోవడం, నా పట్టిక నిలిస్తే సమాధి ఖాళీ అయినట్లే అని నేననుకోవడం, రెండూ ఒకే జాతి తొందరపాటు. సిలువ వేసినవారిని కుక్కలకే వదిలేసేవారు, సమాధి అనేదే లేదు అంటారు. సాధారణంగా జరిగింది అదే కావచ్చు. కాని 1968లో యెరూషలేము దగ్గర ఒక కుటుంబ సమాధిలో, మడమ ఎముకలో మేకు అట్లాగే ఉన్న ఒక సిలువ మృతుని అస్థికలు దొరికాయి. 'అట్లా జరగదు' అనే మాటను ఆ మేకు కొట్టివేస్తుంది. 'అట్లాగే జరిగింది' అని మాత్రం అది చెప్పదు. 1748లో హ్యూము చెప్పినట్లు, అద్భుతానికి ఎంత సాక్ష్యమైనా చాలదని ముందే నిశ్చయించుకుంటే, మీరు తూచడం లేదు, తక్కెడను ఇంట్లో వదిలి వచ్చారు. చరిత్ర నన్ను సమాధి వాకిటి దాకా తీసుకువెళ్ళి ఆగిపోతుందని ఒప్పుకుంటాను. లోపలికి నేను వంగి చూసింది విశ్వాసంతో.

పోయిన ఈస్టరు వేకువన సమాధుల తోటలో మాట్లాడమని నన్నడిగారు. క్రొత్తగా సున్నం వేసిన సమాధుల మీద కొవ్వొత్తులు, బంతిపూలు. మా నాన్నగారిది రెండవ వరుసలో ఉన్నది. సుమారు 112లో బితూనియలో అధికారిగా ఉన్న ప్లినీ, ఈ క్రైస్తవులు వేకువకు ముందే కూడి క్రీస్తుకు దేవునికి వలె పాటలు పాడుతున్నారని చక్రవర్తికి ఫిర్యాదు చేశాడు. ఆ సంగతి చెప్పి, మార్కు సువార్త చివరి అధ్యాయం చదివాను. స్త్రీలు వణకుతూ పారిపోయి భయంతో ఎవరికీ ఏమీ చెప్పని చోట ఆపాను. నాలుగవ శతాబ్దపు రెండు గొప్ప ప్రతులు అక్కడే ఆగుతాయి. తరువాత ఒక సంఘపెద్ద దగ్గరికి వచ్చి, "మిగతాది చదవలేదేం బాబూ? ఆ నాసా సంగతి కూడా చెప్పి ఉంటే పిల్లలకు బాగుండేది" అన్నారు. అది నిజం కాదండీ అన్నాను. ఆయన నొచ్చుకున్నారు. వచ్చే ఏడు నన్ను పిలుస్తారో లేదో.

ఆ రాత్రే ఆ కుర్రవాని చిరునామా సంపాదించి, నీవడిగిన రోజున నేను చూడలేదు, చూడలేదని చెప్పే ధైర్యం కూడా లేకపోయింది అని వ్రాశాను. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. "సంతోషం అన్నా. అయినా నేను నమ్మడం లేదు. యాకోబు సంగతి మాత్రం మీకు ఎక్కడ దొరికిందో చెప్పండి" అని. జవాబు వ్రాయవలసి ఉన్నది. ఈసారి పుస్తకాలు ముందు పెట్టుకుని కూర్చున్నాను.