తాడు కడితే భద్రత వస్తుందా?

2019 నవంబరు 4న రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్‌లో తహసీల్దారు విజయారెడ్డిని ఆమె కార్యాలయంలోనే పెట్రోలు పోసి తగలబెట్టారు. ఆమె అక్కడే చనిపోయారు. కాపాడబోయిన డ్రైవరూ, నిప్పంటించిన మనిషీ ఆ గాయాలతోనే పోయారు. ఆ హత్యను మనం ఖండించాం, ఇప్పుడూ ఖండిస్తున్నాం. భూమి తగాదా ఎంత పాతదైనా మనిషి ప్రాణం తీసే హక్కు ఎవరికీ లేదు. రెవెన్యూ ఉద్యోగి భయం లేకుండా పనిచేయాలి. ఇందులో రెండో మాట లేదు.

కానీ ఆ తర్వాత జరిగిందేమిటి? కొన్ని తహసీల్దారు కార్యాలయాల్లో అధికారి బల్లకు ముందు అడ్డంగా తాళ్లు కట్టారు. రైతు తాడుకు ఇవతల నిలబడి అర్జీ చాచాలి. మరి దళారిని ఏ తాడు ఆపింది? అతను లోపల కుర్చీలోనే కూర్చున్నాడు. ఆగిపోయింది చేతిలో కాగితం తప్ప వేరే పలుకుబడి లేని రైతే.

గేటు దగ్గర సంచి చూడండి, సీసాలు ఆపండి, కెమెరాలు పెట్టండి, కానిస్టేబులును నిలబెట్టండి. మాకు అభ్యంతరం లేదు. తనిఖీ వేరు, తరిమేయడం వేరు.

2023 డిసెంబరు 7న హైదరాబాదులో ప్రగతి భవన్ ముందు ఇనుప కంచెలు తీసేశారు. మర్నాటి నుంచి అక్కడ ప్రజాదర్బార్ మొదలైంది, తర్వాత దాని పేరే ప్రజావాణి అయింది. మంచిదే. అయితే సర్వే నంబరు తప్పు పడిందని ఆదిలాబాద్ రైతు బస్సు చార్జీలు పెట్టుకుని రాజధాని దాకా ఎందుకు రావాలి? మండలంలో జవాబు దొరికితే ఎవరైనా అంత దూరం వస్తారా?

2020 చట్టం రెవెన్యూ కోర్టులను ఎత్తేసింది. 2025లో వచ్చిన భూభారతి చట్టం అప్పీలు చేసుకునే దారి మళ్లీ తెరిచింది. అప్పీలుకు వెళ్లాలంటే కింది అధికారి ఇచ్చిన ఉత్తర్వు చేతిలో ఉండాలి. గేటు దగ్గరే వెనక్కి పంపితే ఆ ఉత్తర్వు ఎక్కడి నుంచి వస్తుంది?

అందుకే మన డిమాండ్లు ఇవి: అధికారి రైతులను కలిసే రోజు, వేళ బోర్డు మీద రాయాలి. ప్రతి అర్జీకి తేదీతో రసీదు ఇవ్వాలి. పని కాకపోతే కారణం రాసి ఇవ్వాలి. వృద్ధులకు, మహిళలకు నీడ, కుర్చీ, మంచినీళ్లు ఉండాలి.

ఉద్యోగ సంఘాలు కూడా ఈ డిమాండ్లతో కలిసి రావాలి. పెండింగు ఫైళ్లు పెంచే కోపానికి ముందు బలయ్యేది బల్ల వెనక కూర్చున్న ఉద్యోగే. ఆ కోపాన్ని తాడు ఆపలేదు, సకాలంలో ఇచ్చిన జవాబు ఆపగలదు.