తోడు లేని పరిశోధన

పరిశోధన ఏకాంత తపస్సనియు, గురువొక్కడే చాలుననియు మన పెద్దలు కొందరు చెప్పుచున్నారు. ఈ మాటను మేమంగీకరింపజాలము. గురువు దోషమును దిద్దగలడు. కాని ఆయన యెదుట విద్యార్థి తన యజ్ఞానమును దాచుకొనును. వ్రాత చిత్తుగా నున్నప్పుడే చదివి, “దీనికి ఆధారమేది?” అని నిస్సంకోచముగా నడుగువాడు తోటి పరిశోధకుడే. పృచ్ఛకులు లేని అవధానము గలదా?

తెలుగునాట నిట్టి తోడు సులభము. చెన్నై, మధురై, బెంగళూరులలో తెలుగున పరిశోధించువారు కొద్దిమంది. తంజావూరు సరస్వతీ మహలులో తాళపత్రము ముందు కూర్చున్న మన పిల్లవానికి అక్షరము తెలియకున్న నడుగుటకు ప్రక్క నెవరున్నారు?

యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ 2022 నాటి నిబంధనలు డాక్టరేటునకు కనీసము 3, సాధారణముగా గరిష్ఠము 6 ఏండ్ల గడువిచ్చినవి. ఆ యేండ్లలో మన సంఘములు చేయునదేమి? పట్టము వచ్చిన పిమ్మట శాలువ కప్పుట! పైరెండునాడు నీరు పెట్టక, కోతనాడు హారతి పట్టుట యేమి న్యాయము?

కొద్దిమందితో సభ యెట్లందురా? చరిత్ర, రసాయనము చదువు మన బిడ్డలనుగూడ పిలువుడు. శాస్త్రము వేరైనను వాదములోని బిగువు, సడలు తోటివానికి తెలియును.

మేము కోరునది ధనము కాదు. పక్షమున కొక సాయంకాలము సంఘమందిరమున నొక గది, ఒకరు వ్రాసిన పది పుటలు, మొగమోటము లేని చర్చ. ఇదియు నీయలేని సంఘము శాలువలు కొనుట మానుట మేలు.